నొప్పి లేదని ఊరుకోకండి
(రొమ్ము క్యాన్సర్ గురించి ప్రతి ఇంటా తెలిసి ఉండవలసిన విషయాలు)



ఈ పుటలలో సాధారణంగా ఏ కోర్సుకు ఏ తేదీలోగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఏయే సర్టిఫికెట్లు జతపరచాలి అనే విషయాలు చదువుతుంటారు. ఈసారి నేను వేరే విషయం వ్రాస్తున్నాను. నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, ముప్ఫై ఏడేళ్లు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి, రిటైరయ్యాక జిగణిలో స్థిరపడినదాన్ని. అయినా ఈ విషయం వ్రాయడానికి నాకొక కారణం ఉంది. ముందు అది చెబుతాను.

2003 సంక్రాంతికి పలమనేరు దగ్గర మా పుట్టింటికి వెళ్లాను. పండుగ పనులు అయ్యాక, పెరట్లో గిన్నెలు తోముకుంటూ మా వదిన మెల్లగా అన్నది: "ఎడమ పక్క శనగగింజంత గడ్డ చేతికి తగులుతా ఉంది మే. నొప్పేం లేదులే." నేను "ఒకసారి చూపించుకో వదినా" అన్నాను. "నొప్పే లేనిదానికి డాక్టరెందుకు మే?" అని ఆమె నవ్వింది. మరునాడు నేను బస్సెక్కి వచ్చేశాను.

ఆ తరువాత మా మేనకోడలి ఇంటర్మీడియట్ పరీక్షలు, ఆ పైన ఎంసెట్, ఆ పైన వేరుశనగ విత్తే పనులు. ఒకదాని తరువాత ఒకటి. "ఇది కానీ, అది కానీ" అనుకుంటూ దీపావళి వచ్చింది. అప్పటికి గడ్డ నిమ్మకాయంత అయింది. దాని మీద చర్మం లోపలికి లాక్కుపోయింది. మా అన్నయ్యకు అప్పుడు తెలిసింది. బెంగళూరుకు తీసుకువచ్చి చూపిస్తే చంకలో గ్రంథులకు, ఎముకలకు కూడా పాకిందన్నారు. పరీక్ష చేసిన డాక్టరమ్మ కోప్పడలేదు. "నొప్పి లేని గడ్డకే ముందుగా రావాలమ్మా" అని మాత్రం అన్నది. వదిన 2006లో పోయింది.

తొమ్మిది నెలల పాటు ఆ గడ్డ సంగతి ఆమెకు తప్ప తెలిసినది నాకొక్కదానికే. నేను చదువుకున్నదాన్నే, నెలనెలా జీతం తీసుకున్నదాన్నే. నొప్పి లేని గడ్డ ఎంత ముఖ్యమో నాకూ తెలియదు. తెలిసి ఉంటే ఆమెను వెంటబెట్టుకునే బస్సెక్కేదాన్ని. ఆ తెలియనితనం ఇంకొక ఇంట్లో ఉండకూడదనే ఈ వ్యాసం.

లెక్కలు ఏమి చెబుతున్నాయి?

బ్యాంకులో పనిచేసినదాన్ని గనుక ముందు అంకెలు చూద్దాం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశంలో కొత్తగా 1,92,020 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అదే సంవత్సరం 98,337 మంది ఈ జబ్బుతో చనిపోయారు. రోజుకు లెక్కవేస్తే సుమారు 526 కొత్త కేసులు, 269 మరణాలు. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే.

ప్రపంచం మొత్తం మీద అదే సంవత్సరం సుమారు 23 లక్షల కొత్త కేసులు, 6 లక్షల 70 వేల మరణాలు నమోదయ్యాయి. అంటే ప్రపంచ లెక్కలో నూరు కొత్త కేసులకు 29 మరణాలు. మన లెక్కలో 51. ఆ ఏడాది జబ్బు వచ్చినవారూ, ఆ ఏడాది చనిపోయినవారూ ఒకరే కారు గనుక దీనిని సూటిగా "నూటికి ఇంతమంది చనిపోతారు" అని చదవకూడదు. కానీ తేడా ఎంతో తెలుస్తుంది. మన ఆడవాళ్లు డాక్టరు దగ్గరకు ఆలస్యంగా రావడం, మొదలుపెట్టిన వైద్యాన్ని మధ్యలో ఆపివేయడం ఈ తేడాకు పెద్ద కారణాలు.

మన బెంగళూరులో 1973లో ఏర్పడిన కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రి 1982 నుండి నగరంలోని క్యాన్సర్ కేసులను నమోదు చేస్తూ వస్తున్నది. ఇటువంటి రిజిస్ట్రీలన్నింటినీ కలిపి 2020లో విడుదల చేసిన జాతీయ నివేదికలో, వయసుల తేడాలు సరిచేసి చూస్తే, లక్షమంది ఆడవాళ్లకు హైదరాబాదులో 48 మందికి, చెన్నైలో 42 మందికి, బెంగళూరులో సుమారు 40 మందికి ఏటా ఈ జబ్బు వస్తున్నట్లు తేలింది. మన తెలుగువారి రాజధానీ, మనం బ్రతుకుతున్న ఊరూ రెండూ ఆ పట్టికలో పైవరుసలోనే ఉన్నాయి.

అసలు ఈ జబ్బు ఏమిటి?

రొమ్ములో పాలు తయారుచేసే చిన్న చిన్న గ్రంథులు, ఆ పాలను చనుమొనకు చేర్చే సన్నని నాళాలు ఉంటాయి. చాలా క్యాన్సర్లు ఈ నాళాల లోపలి పొరలో మొదలవుతాయి. కొన్ని కణాలు అదుపు తప్పి పెరుగుతూ గడ్డగా మారుతాయి. అక్కడినుండి చంకలోని గ్రంథులకు, తరువాత ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయం వంటి చోట్లకు పాకుతాయి.

ఇందులో కాలం ఎంత ముఖ్యమో ఒక్క లెక్క చాలు. అమెరికా వారి లెక్కల ప్రకారం, జబ్బు రొమ్ముకే పరిమితమై ఉన్నప్పుడు కనుగొంటే అయిదేళ్ల తరువాత కూడా నూటికి సుమారు 99 మంది దానిని తట్టుకుని జీవించి ఉంటున్నారు. దూరపు అవయవాలకు పాకిన తరువాత కనుగొంటే ఆ సంఖ్య సుమారు 30 మాత్రమే. మందులు అవే, ఆస్పత్రులు అవే. వచ్చిన సమయం వేరు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. రొమ్ములో తగిలే గడ్డలలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కాలేజీ వయసు అమ్మాయిలలో వచ్చే, చేతికి జారిపోయే గడ్డలు చాలావరకు ఫైబ్రోఅడినోమా అనే అపాయం లేని గడ్డలు. నడి వయసులో నీటితిత్తులు వస్తుంటాయి. 2011లో నాకూ ఒక గడ్డ తగిలింది. ఈసారి ఆలస్యం చేయలేదు. రెండు రోజులలో స్కానింగు, సూదితో పరీక్ష అయ్యాయి. అది నీటితిత్తి అని తేలింది. ఆ రెండు రోజులు నిద్ర పట్టలేదన్న మాట నిజమే. కానీ తొమ్మిది నెలలు దాచుకుని భయపడడం కంటే రెండు రోజుల భయం నయం.

గమనించవలసిన గుర్తులు

1. రొమ్ములో గానీ, చంకలో గానీ కొత్తగా తగిలే గడ్డ లేక గట్టిదనం. ముఖ్యంగా నొప్పి లేనిది.
2. ఒక రొమ్ము పరిమాణంలో, ఆకారంలో కొత్తగా వచ్చిన మార్పు. ఇద్దరు అక్కచెల్లెళ్ల వలె రెండు రొమ్ములూ కాస్త తేడాగా ఉండడం సహజమే. ఇంతకు ముందు లేని తేడా వస్తేనే గమనించాలి.
3. చర్మం మీద సొట్ట పడడం, లేదా కమలాపండు తొక్క వలె చిన్న చిన్న గుంటలు కనబడడం.
4. ఇంతకు ముందు బాగానే ఉన్న చనుమొన లోపలికి లాక్కుపోవడం.
5. పాలిచ్చే సమయం కాకపోయినా చనుమొన నుండి దానంతట అదే రక్తం గానీ, నీరు గానీ కారడం.
6. చనుమొన మీద, చుట్టూ మానని పుండు, పొట్టు రాలడం, ఎర్రదనం.

వీటిలో ఏ ఒక్కటి కనబడినా అది క్యాన్సరేనని కాదు. డాక్టరు చూడవలసినదని మాత్రమే అర్థం.

స్వయంగా పరీక్షించుకోవడం ఎలా?

ఎప్పుడు: నెలకు ఒకసారి చాలు. రోజూ తడుముకుంటే మార్పు తెలియదు, కంగారు మాత్రం పెరుగుతుంది. బహిష్టు ఆగిన తరువాత మూడు నుండి అయిదు రోజుల లోపు మంచి సమయం. ఆ రోజులలో రొమ్ములు మెత్తగా ఉంటాయి. బహిష్టుకు ముందు గట్టిపడి, కొద్దిగా నొప్పిగా ఉండడం మామూలే. ముట్లుడిగినవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు నెలలో ఒక తేదీ పెట్టుకోవాలి. కరెంటు బిల్లు కట్టే తేదీయో, చీటీ కట్టే తేదీయో అయితే మరచిపోరు.

ఎవరు: ఇరవై ఏళ్లు దాటిన ప్రతి స్త్రీ తన శరీరం మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకుని ఉండాలి. హైస్కూలు పిల్లలు పరీక్షించుకోనక్కరలేదు. ఎదుగుతున్న వయసులో గట్టిదనం, నొప్పి సహజంగా ఉంటాయి. వారికి విషయం తెలిస్తే చాలు.

మొదట కళ్లతో: తలుపు గడియ పెట్టుకుని, వెలుతురు బాగా ఉన్నచోట అద్దం ముందు నిలబడండి. చేతులు ప్రక్కలకు వదిలి ఒకసారి, రెండు చేతులు తలపైకి ఎత్తి ఒకసారి, నడుము మీద చేతులుంచి గట్టిగా నొక్కుతూ ఒకసారి చూడండి. చేతులు ఎత్తినప్పుడు రెండు ప్రక్కలా సమంగా పైకి లేస్తున్నాయా, ఎక్కడైనా సొట్ట పడుతున్నదా అని గమనించండి.

తరువాత చేతితో: వెల్లకిలా పడుకుని, కుడి భుజం క్రింద చిన్న దిండు గానీ మడత పెట్టిన తువ్వాలు గానీ పెట్టుకోండి. కుడి చేతిని తల క్రింద ఉంచి, ఎడమ చేతి నడిమి మూడు వ్రేళ్లతో కుడి రొమ్మును పరీక్షించాలి. వ్రేళ్ల కొనలతో పొడవకూడదు. చిటికెలతో పట్టి చూడకూడదు. అలా పట్టి చూస్తే అందరికీ అంతా గడ్డలుగానే అనిపిస్తుంది. వ్రేళ్ల మెత్తని భాగాన్ని చదునుగా ఆనించి, రూపాయి బిళ్లంత చోటులో చిన్న సున్నాలు చుట్టినట్లు కదపాలి. ఒక్కొక్క చోట మూడు సార్లు: మొదట పైపైన, తరువాత కొంచెం ఒత్తిడితో, చివరకు లోపల ప్రక్కటెముకలు తగిలేటంతగా.

చంక దగ్గర మొదలుపెట్టి పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి, నాగలి చాళ్లు తీసినట్లు వరుసగా రొమ్ముఎముక వరకు రావాలి. పైన మెడ దగ్గరి ఎముక నుండి క్రింద రొమ్ము అంచు మడత వరకు ఏ చోటూ వదలకూడదు. తరువాత చంకలో చూడాలి. అదే విధంగా రెండవ ప్రక్క. స్నానం చేసేటప్పుడు సబ్బు నురుగుతో చేయి జారుతుంది గనుక నిలబడి మరొకసారి చూసుకోవచ్చు. మొత్తం పది నిమిషాల పని.

మొదటి రెండు మూడు నెలలు మీకేమీ అర్థం కాకపోవచ్చు. పరవాలేదు. బ్యాంకులో మేము పాస్‌బుక్కును పోయిన నెల నిలువతో సరిచూసేవాళ్లం. తేడా ఉంటే అక్కడ ఆగేవాళ్లం. ఇదీ అంతే. మీరు వెదకవలసినది క్యాన్సరును కాదు, పోయిన నెలకూ ఈ నెలకూ ఉన్న తేడాను.

దీనితో ఎంత మేలు? ఎంతవరకు?

ఉన్నది ఉన్నట్లు చెప్పడం మంచిది. స్వయం పరీక్ష ఒక్కటే ప్రాణాలు కాపాడుతుందని ఎవరైనా చెబితే అది పూర్తి నిజం కాదు. చైనాలోని షాంఘై నగరంలో బట్టల మిల్లులలో పనిచేసే 2,66,064 మంది ఆడవాళ్లను రెండు భాగాలుగా చేసి, ఒక భాగానికి స్వయం పరీక్ష బాగా నేర్పారు. 1989లో మొదలైన ఈ అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. నేర్చుకున్నవారిలో 135 మంది, నేర్చుకోనివారిలో 131 మంది రొమ్ము క్యాన్సరుతో చనిపోయారు. తేడా లేదు. పైగా నేర్చుకున్నవారిలో అపాయం లేని గడ్డలకు కూడా ఆపరేషన్లు ఎక్కువయ్యాయి. అందుకే కొన్ని దేశాలలో ఇప్పుడు నెలనెలా క్రమం తప్పక చేసే పరీక్ష కంటే, శరీరంలోని మార్పును గుర్తించి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లే అవగాహననే ఎక్కువగా నేర్పుతున్నారు.

మన దేశంలో ఇంకొక అధ్యయనం జరిగింది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రివారు 1998లో మొదలుపెట్టి 1,51,538 మంది పేద స్త్రీలను ఇరవై ఏళ్లు గమనించారు. అందులో ఒక సగానికి శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో పరీక్షించారు. ఫలితాలు 2021లో ప్రకటించారు. పరీక్షలు జరిగినవారిలో జబ్బు ముదిరిన దశలో బయటపడినవి నూటికి 37, జరగనివారిలో 47. యాభై ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువారిలో మాత్రం మరణాలు తగ్గినట్లు తేలలేదు. ఖరీదైన యంత్రాలేవీ లేకుండా, నేర్చుకున్న చేతులతోనే ఇంత మేలు జరిగింది.

ఈ రెండింటినీ కలిపి చదివితే మనం చేయవలసినది తెలుస్తుంది. మన శరీరాన్ని మనం ఎరిగి ఉండడం మొదటి మెట్టు. శిక్షణ ఉన్నవారి చేత పరీక్ష చేయించుకోవడం రెండవ మెట్టు. తేడా కనబడితే ఆలస్యం లేకుండా ఆస్పత్రికి వెళ్లడం మూడవది. మొదటి మెట్టు మీదే కూర్చుంటే పై అంతస్తు చేరలేము. మన కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకొకసారి ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష చేయాలి. మీ వీధికి వచ్చే ఆశా కార్యకర్తను అడగండి. నలభై దాటినవారు మామోగ్రామ్ అవసరమా అని డాక్టరును అడగాలి. చిన్న వయసువారికి మామోగ్రామ్ కంటే అల్ట్రాసౌండ్ స్కానింగే ఎక్కువ ఉపయోగం.

తేడా కనబడితే?

మూడు పరీక్షలు ఉంటాయి. డాక్టరు చేతితో చూడడం, స్కానింగు లేక మామోగ్రామ్, సూదితో కొద్ది ముక్క తీసి పరీక్షించడం. ఈ మూడూ సరిపోలితేనే నిర్ణయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక లక్ష్యం పెట్టింది. నూటికి 60 కి పైగా కేసులు మొదటి రెండు దశలలోనే బయటపడాలి. డాక్టరును కలిసిన 60 రోజుల లోపల జబ్బు ఏమిటో తేలాలి. నూటికి 80 మంది వైద్యం పూర్తి చేయాలి. ఈ మూడవ అంకెను గుర్తుపెట్టుకోండి. రెండు ఇంజెక్షన్లు అయ్యాక జుట్టు రాలిందని, గడ్డ తగ్గిందని, డబ్బు అయిపోయిందని మధ్యలో మానేసేవారు చాలామంది ఉన్నారు. అలా మానివేయడం చాలా ప్రమాదం.

ఖర్చు విషయంలో ముందుగానే విచారించండి. కర్ణాటకలో బీపీఎల్ కార్డు ఉన్న కుటుంబానికి ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక పథకం క్రింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్య సహాయం ఉన్నది. పథకం వర్తించే ఆస్పత్రులలో ఆరోగ్య మిత్ర అనే ఉద్యోగి ఉంటారు. ఏ చికిత్సకు ఎంత వస్తుంది, ఏ కాగితాలు కావాలి అని వారినే అడగాలి. స్కాలర్‌షిప్పు ఫారాలు నింపడం వచ్చిన మన పిల్లలు ఈ పని తల్లిదండ్రుల కంటే బాగా చేయగలరు.

తరచుగా అడిగే ప్రశ్నలు

మా వీధిలో గార్మెంట్స్‌లోను, గ్రానైటు ఫ్యాక్టరీలలోను పనిచేసే ఆడవాళ్లు చాలామంది అనంతపురం, చిత్తూరు వైపు వారు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా మిద్దె మీద పదిహేనుమంది కూర్చుని మాట్లాడుకున్నాం. వాళ్లడిగిన ప్రశ్నలే ఇవి.

"జాకెట్టులో చిల్లర డబ్బులు, సెల్‌ఫోను పెట్టుకుంటే వస్తుందంట కదా?" వాటివల్ల వస్తుందనడానికి ఆధారం లేదు. బిగుతు బాడీ వల్ల, దెబ్బ తగలడం వల్ల కూడా రాదు.

"మా వంశంలో ఎవరికీ లేదు, నాకెందుకు వస్తుంది?" వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుండి 10 మాత్రమే. మిగిలినవారిలో ఎక్కువమందికి ఇంట్లో ఎవరికీ ఉండదు. అయితే తల్లికో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

"సూది పెడితే పాకుతుందంటారే?" పాకదు. సూది పరీక్ష చేయకుండా ఆపరేషన్ చేయడమే తప్పు పద్ధతి.

"రొమ్ము మొత్తం తీసేస్తారా?" అందరికీ కాదు. మొదట్లోనే కనుగొంటే గడ్డ ఉన్న భాగం మాత్రం తీసి, రేడియేషన్ ఇస్తే అంతే ఫలితం ఉంటుందని దశాబ్దాల పరిశోధనలో తేలింది.

"అంటుకుంటుందా? బిడ్డను ఎత్తుకోవచ్చా?" అంటువ్యాధి కాదు. పళ్లెం వేరు చేయనక్కరలేదు, మనిషిని వేరు చేయనక్కరలేదు.

"మగవాళ్లకు వస్తుందా?" అరుదుగా వస్తుంది. నూరు కేసులలో ఒకటి మగవారిది. వాళ్లూ గడ్డ తగిలితే చూపించుకోవాలి.

"రాకుండా ఏం చేయాలి?" పూర్తిగా ఆపే మార్గం లేదు. బిడ్డకు చనుబాలు ఇవ్వడం, బరువు పెరగకుండా చూసుకోవడం, రోజూ నడవడం, మద్యానికి దూరంగా ఉండడం వల్ల ముప్పు తగ్గుతుంది. వయసు పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుంది గనుక "ఈ వయసులో నాకెందుకు" అని అమ్మమ్మలు, నాయనమ్మలు అనుకోకూడదు.

ఆ రోజు నేర్పడానికి నా దగ్గర బొమ్మలు లేవు. చపాతీ పిండి ముద్దలో ఒక ఎండు శనగగింజ దాచి, పైన పలుచని గుడ్డ కప్పి, అందరి చేతికీ ఇచ్చాను. వ్రేళ్ల కొనలతో పొడిచినవారికి దొరకలేదు. మూడు వ్రేళ్లు చదునుగా ఆనించి సున్నాలు చుట్టినవారికి దొరికింది. ఒకామె గింజ దొరకగానే చేయి వెనక్కు తీసుకుని కొంచెంసేపు మాట్లాడలేదు. "ఇంత చిన్నగా ఉంటుందా అక్కా?" అని అడిగింది. ఇంత చిన్నగా ఉన్నప్పుడే మనం వెళ్లాలి అన్నాను.

మనవారు చేసిన మేలు

ఈ జబ్బు మీద పోరాటంలో తెలుగువారి పాలు తక్కువేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో చేసిన పరిశోధనల నుండి మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చింది. 1976లో ఇటలీ వైద్యులు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరువాత ఇచ్చి మేలు చూపిన మూడు మందుల కలయికలో అది ఒకటి. ఆయన 1948లోనే కన్నుమూశారు. ఆ మేలు ఆయన చూడలేదు.

హైదరాబాదులో సర్జన్ డాక్టర్ పి. రఘురాం గారు 2007లో తన తల్లి డాక్టర్ ఉషాలక్ష్మి గారి పేర ఒక ఫౌండేషన్ పెట్టారు. ఆ తల్లి స్వయంగా ఆడవాళ్ల డాక్టరు, రొమ్ము క్యాన్సరుకు వైద్యం పొందినవారు. 2012 నుండి 2016 వరకు రెండు తెలుగు రాష్ట్రాలలో సుమారు 4,000 గ్రామాలలో రెండు లక్షలకు పైగా పేద స్త్రీలకు ఆరోగ్య కార్యకర్తల చేత పరీక్షలు చేయించారు.

మన జిగణికీ ఇందులో చోటున్నది. బొమ్మసంద్ర - జిగణి లింకు రోడ్డు మీద ఫ్యాక్టరీ ఉన్న బయోకాన్ కంపెనీ, ఒక రకం రొమ్ము క్యాన్సరుకు వాడే ట్రాస్టుజుమాబ్ అనే ఖరీదైన విదేశీ మందుకు దీటైన మందును 2014లో మన దేశంలో తక్కువ ధరకు తెచ్చింది. 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం కూడా దానిని అంగీకరించింది. జిగణి దగ్గర ప్రశాంతి కుటీరంలోని యోగా విశ్వవిద్యాలయంవారు అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రితో కలిసి, రేడియేషన్ తీసుకునే రోగులకు యోగా వల్ల అలసట తగ్గుతుందని చూపారు. అయితే యోగా వైద్యానికి తోడు మాత్రమే, వైద్యానికి బదులు కాదు.

పిల్లలకు ఒక మాట, పెద్దలకు ఒక మాట

అమ్మాయిలూ, ఈ వ్యాసాన్ని మీ అమ్మకు, అమ్మమ్మకు, అత్తకు చదివి వినిపించండి. చదువురాని తల్లికి మీరే పుస్తకం. "సిగ్గు" అంటే, జ్వరం వస్తే చెప్పినట్లే ఇదీ చెప్పవచ్చునని చెప్పండి. అబ్బాయిలూ, ఇది ఆడవాళ్ల సంగతి అని పుట తిప్పవద్దు. ఆస్పత్రికి తీసుకువెళ్లే తోడు చాలా ఇళ్లలో మీరే.

తల్లులారా, పిల్లల పరీక్షలు అయ్యాక చూసుకుందాం అనుకోకండి. మా వదిన అలా అనుకున్న ఆ పరీక్షలు రాసిన మేనకోడలు ఇప్పుడు హైస్కూలు టీచరు. మంచి మార్కులే వచ్చాయి ఆమెకు. "ఒక సంవత్సరం పరీక్ష పోయినా మళ్లీ రాసుకునేదాన్ని కదా అత్తా" అని ఇప్పటికీ అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

తండ్రులారా, మీ భార్య తనంతట తాను చెప్పేవరకు ఆగకండి. ఒకసారి మీరే అడగండి. మా అన్నయ్య మంచివాడే. ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఎవరైనా మీతో "గడ్డ ఉంది, నొప్పేం లేదులే" అంటే, "చూపించుకో" అని చెప్పి వచ్చేయకండి. వెంట వెళ్లండి.